రాణి వాళ్ల గుల్లలు

ఆ గురువారం సాయంత్రం వినీల బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఇంతమంది ఉన్నారు: పొయ్యి దగ్గర టీ కాస్తూ అమ్మ సంపూర్ణమ్మ, నులకమంచం మీద కూర్చోవాలో లేవాలో తెలియక సగం లేచి ఉన్న మామ్మ తబిత, గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ నాన్న ఆరోన్, మంచం కింద గంపలో గుడ్లు పొదుగుతున్న ఎర్రకోడి, స్టూలు మీద సైన్సు మాస్టారు రమేష్ బాబు, ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీలో, నాన్న పనిచేసే రొయ్యల చెరువుల యజమాని సత్యప్రసాద్ గారు.

వినీల గుమ్మంలోనే ఆగిపోయింది. సత్యప్రసాద్ గారి కారు పేట ముందు నుంచి వెళ్లడం రోజూ చూసేదే. ఆయన కాళ్లు తమ గచ్చు మీద ఉండడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. చెప్పులు విప్పకుండానే కూర్చున్నారు. మామ్మ చూపు ఆ చెప్పుల మీదే ఉంది.

"రామ్మా రా. నీ కోసమే వచ్చాం," అన్నారాయన. "ఎగ్జిబిషన్‌లో కుండ పెట్టావంట. పచ్చనీళ్లు పోస్తే తెల్లనీళ్లు వచ్చాయంట. నిజమేనా?"

వినీల తలూపింది.

"నోరిప్పి చెప్పవే," అంది అమ్మ పొయ్యి దగ్గర నుంచి.

"దానికి చేతులొచ్చినంతగా మాటలు రావు బాబూ," అంది మామ్మ. "పుట్టినప్పుడు కూడా గట్టిగా ఏడవలేదు."

అందరూ నవ్వారు. వినీల పుస్తకాల సంచీ గుండెకు హత్తుకుని ద్వారబంధానికి ఆనుకుంది.

"చేసింది ఈ అమ్మాయేనండి," అన్నారు మాస్టారు. "ఆక్వా షాపు నుంచి నీళ్లు పరీక్షించే టెస్ట్ కిట్ తెచ్చి నేనే చూశాను. పైన పోసిన నీళ్లకి రంగు గట్టిగా వచ్చింది, కింద పట్టిన నీళ్లకి దాదాపు రాలేదు. ఊక బొగ్గు, కాల్చిన నత్తగుల్లలు, కొబ్బరి పీచు, ఇసుక. అంతే. ఇంకో పిల్ల నిలబడి అందరికీ చక్కగా చెప్పింది కూడానండి."

"ఎవరా పిల్ల?"

"రేవుపాలెం పిల్లండి. పల్లంరాజు కూతురు, రాణి."

సత్యప్రసాద్ గారు టీ గ్లాసు అందుకుని చాలాసేపు ఊదారు. క్రితం నెలలో, చెరువుల నీళ్లు పోయే డ్రెయిను చివర, రేవుపాలెం దగ్గర, తెల్లారేసరికి చేపలన్నీ చచ్చి తెల్లగా తేలాయి. చెరువుల నీళ్లు వదలడం వల్లే అలా అయిందని పాలెం వాళ్లంతా సంతకాలూ వేలిముద్రలూ వేసి ఫిర్యాదు పెట్టారు. ముందు సంతకం పల్లంరాజుది. ఆ సంగతి ఇంట్లో ఉన్న అందరికీ తెలుసు, ఎర్రకోడికి తప్ప.

"ఆ పిల్ల ఎందుకులెండి. ఈ అమ్మాయి చాలు," అన్నారాయన. "చూడమ్మా, శనివారం కాలుష్యం ఆఫీసు నుంచి మేడంగారు వస్తున్నారు. నీ కుండని పెద్దది చేసి మన తూము దగ్గర పెడదాం. డ్రమ్ము నేనిస్తాను, కుళాయి నేనిస్తాను. నీ పేరు మీదే పెడదాం. ఏమంటావు?"

వినీలకు చెవులు వేడెక్కాయి. తూము దగ్గర ఫిల్టరు. అంటే డ్రెయిన్లోకి తెల్లనీళ్లు. అంటే రేవుపాలెంలో ఇంక చేపలు తేలవు. ఇంత తేలిగ్గా అయిపోతుందా? కుండ చేస్తున్నప్పుడు రాణీ తనూ నవ్వుకుంటూ అనుకున్న మాట, పెద్దవాళ్లు కుర్చీలో కూర్చుని నిజంగా అంటున్నారు.

"సరేనండి," అంది. ఆ గొంతు ఆమెకే వినిపించలేదు.

"రేపు బడికి రానక్కర్లేదు. హాజరు నేను చూసుకుంటాను," అన్నారు మాస్టారు.

వాళ్లు వెళ్లాక మామ్మ తడిగుడ్డ తెచ్చి కుర్చీ కింద మట్టి తుడిచింది. నాన్న గుమ్మం బయట నిలబడి కారు మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చాడు. "వినీలమ్మా, ఈ సంగతి రాణికి ఇప్పుడే చెప్పకు. పనయ్యాక చెబుదువుగాని," అన్నాడు. రాణి ఆశ్చర్యపోవాలని నాన్న అలా అంటున్నాడనుకుంది వినీల.

డ్రమ్ము నిండాలంటే గుల్లలు బస్తాడు కావాలి. అవి పెద్దింట్లమ్మ దగ్గరే ఉంటాయి. పెద్దింట్లమ్మ రాణికి అమ్మమ్మ. ఒకప్పుడు పాలెంలో సున్నపుబట్టీ పెట్టింది. ఇప్పుడు ఎవరైనా తమలపాకుల్లోకి అడిగితే కాస్త కాల్చి ఇస్తుంది.

శుక్రవారం పొద్దున్నే వినీల సైకిలు మీద డ్రెయిను గట్టు వెంట రేవుపాలెం వెళ్లింది. రాణి అప్పటికే బడికి వెళ్లిపోయింది. పెద్దింట్లమ్మ వాకిట్లో కూర్చుని చిరిగిన వల కన్నాలకు ముడులు వేస్తోంది. బొటనవేలికి దారం చుట్టుకుని, పళ్లతో తెంపి, కళ్లజోడు లేకుండానే.

"ఏంటే, బడి మానేశావా? మా పిల్ల నీ కోసం చూసి చూసి ఎల్లింది."

"గుల్లలు కావాలి అమ్మమ్మా. బస్తాడు."

"బస్తాడే! అన్నెందుకే? బళ్లో మళ్లీ పెడుతున్నారా?"

వినీల నోరు తెరిచింది. నాన్న మాట గుర్తొచ్చింది. తలూపింది.

"పెట్టండి పెట్టండి. మా గుల్లలు కూడా టెన్త్ పాసైపోతాయి." ముసలామె మోకాళ్లు పట్టుకుని లేచింది. "పచ్చిగుల్లలు పనికిరావు. కాల్చి ఇస్తాను, పద. సున్నం ఎవడు కొంటున్నాడు ఇప్పుడు, గోడలకన్నిటికీ పెయింట్లొచ్చాక?"

వెనకదొడ్లో ఇటుకలు గుండ్రంగా పేర్చి ఉన్నాయి. అడుగున ఊక పరిచింది, దాని మీద గుల్లలు, మళ్లీ ఊక, మళ్లీ గుల్లలు. మధ్యలో ఒక కర్ర నిలబెట్టి, కుప్ప అయ్యాక మెల్లిగా లాగేసింది. ఆ కన్నంలో నిప్పు వేసింది. మంట పైకి రాలేదు. కుప్ప లోపల్లోపలే ఎర్రబడుతూ పొగ మాత్రం వదిలింది. ఒకే నిప్పులో ఊక బొగ్గవుతుంది, గుల్ల తెల్లబడుతుంది. గాలి ఎక్కువైతే ఊక బూడిదైపోతుందని ముసలామె తాటాకు తడికె ఒకవైపు అడ్డం పెట్టి, గాలి మళ్లినప్పుడల్లా తడికెనూ మళ్లించింది. వినీల కళ్లు నీళ్లు కారుతున్నా పక్కనే కూర్చుని చూసింది.

చల్లారాక పెద్దింట్లమ్మ ఒక గుల్ల తీసి గోటితో గీకింది. తెల్లటి పొడి రాలింది. "అయింది. కొత్తది పొగరుగా ఉంటుంది. రెండుమూడు నీళ్లు మార్చి కడిగి మరీ వెయ్యి. లేకపోతే ఆ నీళ్లలో పెట్టిన చేప చస్తుంది."

బస్తా సైకిలు వెనక కట్టేటప్పుడు ముసలామె తాడు లాగి చూసి, "ఎవరడిగినా రాణి వాళ్ల అమ్మమ్మ ఇచ్చిందని చెప్పు. మొన్న ఎగ్జిబిషన్‌లో చెప్పలేదంట," అంది. వినీల దానికీ తలూపింది.

మధ్యాహ్నం తూము దగ్గర నాన్న నీలం డ్రమ్ముకు కుళాయి బిగించాడు. వినీల గుల్లల్ని కడిగింది. మొదటి నీళ్లు పాలలా వచ్చాయి, రెండోసారి మజ్జిగలా, ఆ తర్వాత తేటగా. ఆ పాలనీళ్లు డ్రెయిన్లో పడకుండా గట్టు అవతల గోతిలో పారబోసింది. తర్వాత కూలికి తిరగలి తిప్పుతున్నంత ఓపికతో పొరలు వేసింది: కంకర, కొబ్బరి పీచు, గుల్లలు, ఊక బొగ్గు, మళ్లీ పీచు, పైన ఇసుక. ప్రతి పొరనూ అరచేత్తో చదును చేసి నొక్కింది. చెరువులో ఏరియేటర్లు తిరుగుతూ పచ్చటి నీళ్లను గాల్లోకి చిమ్ముతున్నాయి. నాన్న మధ్యమధ్యలో తెప్ప మీద వెళ్లి మేత చల్లి వస్తున్నాడు.

పైపుతో చెరువు నీళ్లు డ్రమ్ములోకి పెట్టారు. చాలాసేపటి దాకా ఏమీ రాలేదు. నాన్న బీడీ వెలిగించాడు. కుళాయి చివర ఒక చుక్క ఊగి పడింది. తర్వాత ఇంకొకటి. తర్వాత చీపురుపుల్ల లావున ధార. వినీల గాజుగ్లాసు పట్టింది. గ్లాసు అవతల నాన్న ముఖం మసక లేకుండా కనిపించింది.

"అబ్బో!" అన్నాడు నాన్న. చెయ్యి తుడుచుకుని ఆమె తల మీద పెట్టాడు. ఆయన అలా పెట్టి చాలా రోజులైంది.

"నాన్నా, మిగతా డ్రమ్ములు ఎప్పుడు తెస్తారు?"

"మిగతావా?"

"ఈ ఒక్కదాంతో ఎలా సరిపోతుంది? చెరువంతా పోవాలి కదా."

నాన్న బీడీని గట్టు మట్టిలో గుచ్చాడు. "చూద్దాంలేమ్మా. రేపటికి ఇది చాలు."

శనివారం వచ్చిన మేడంగారు వినీల అనుకున్నట్టు కోపంగా లేరు. నూలు చీర, భుజాన సంచీ, జీపు దిగగానే కాళ్ల కింద బురద చూసుకుని నవ్వారు. సత్యప్రసాద్ గారు ఆవిడకు గొడుగు పట్టించారు. మాస్టారు ఫోను పట్టుకుని వీడియో తీస్తున్నారు. వినీలకు యూనిఫారం వేయించి, అమ్మ రెండు జడలకూ రిబ్బన్లు కట్టి పంపింది.

"ఇది చేసింది నువ్వేనా? ఎలా పనిచేస్తుంది, నాకు చెప్పు," అన్నారు మేడంగారు.

అందరూ ఆమె వైపు తిరిగారు. వినీల డ్రమ్ము అంచు పట్టుకుంది. తడిగా, చల్లగా ఉంది. ఎగ్జిబిషన్‌లో తన పక్కన నిలబడి రాణి చెప్పిన మాటలు ఎక్కడి నుంచో వచ్చి నోట్లో నిలబడ్డాయి.

"రొయ్య తినగా మిగిలిన మేత నీళ్లలో కుళ్లుతుందండి. అందులో నత్రజని, భాస్వరం ఉంటాయి. వరిచేనుకి ఎరువేస్తే ఎలా పెరుగుతుందో, ఆ నీళ్లు డ్రెయిన్లో పడితే పాచి అలా పెరుగుతుంది. పగలంతా బానే ఉంటుంది. రాత్రయ్యాక నీళ్లలో గాలంతా పాచే తాగేస్తుంది. ఇంక చేపకి ఏం మిగులుద్దండి?" రాణి అక్కడ రెండు చేతులూ తిప్పి ఖాళీగా చూపించింది. వినీల కూడా చూపించింది. "నత్రజనిని బొగ్గు పట్టుకుంటుంది, భాస్వరాన్ని గుల్ల పట్టుకుంటుంది. పాచికి పస్తే!"

మేడంగారు గట్టిగా నవ్వేశారు. "పాచికి పస్తా! బాగుంది. ఎవరు నేర్పారు నీకు?"

ఇప్పుడు చెప్పాలి. రాణి అని చెప్పాలి. అమ్మమ్మ గుల్లలని చెప్పాలి. వినీల నోరు తెరిచింది.

"మా స్కూలేనండి," అన్నారు మాస్టారు ఫోను వెనక నుంచి.

మేడంగారు కుళాయి కింద సీసా పట్టారు. నిండడానికి సమయం పట్టింది. ఈలోపు కొబ్బరిబోండాం దించారు, కొట్టారు, తాగారు. సీసాకు మూత బిగించి, చీటీ అంటించి, దాని మీద చెరువు పేరూ, తూము పేరూ రాశారు.

"నీళ్లు బయటికి వెళ్లే దారి ఇదేనా?" అని అడిగారు.

"ఇదేనండి," అన్నారు సత్యప్రసాద్ గారు.

"సోమవారం మా పెద్దసారు వచ్చి ఒకసారి చూస్తారు. రిపోర్టు కూడా ఇలాగే ఉంటే రేవుపాలెం వాళ్ల ఫిర్యాదు మూసేస్తాం." వెళ్తూ వెళ్తూ వినీల బుగ్గ తట్టారు. "బాగా చదువుకో."

జీపు వెనకే కారు వెళ్లింది, కారు వెనకే మాస్టారి బండి. సత్యప్రసాద్ గారు ఇచ్చిన పూతరేకుల పెట్టె గట్టు మీద మిగిలింది. వినీల ఒకటి విప్పి నోట్లో పెట్టుకుంది. తాను మాట్లాడింది. అంతమందిలో, ఆగకుండా, చేతులు తిప్పుతూ మాట్లాడింది. గ్లాసు కడుగుదామని నీటి అంచుకు దిగింది. నోట్లో రేకు కరుగుతూ ఉంది.

పైన నాన్న ముందు డ్రమ్ము కుళాయి కట్టేశాడు. తర్వాత పైపు తీసి చుట్టాడు. లుంగీ ఎగ్గట్టి తూము మీదకు ఎక్కి, కాళ్లు ఎడంగా పెట్టి, నీళ్లకు అడ్డుగా ఉన్న మొదటి పలకను కొక్కెంతో లాగాడు. నానిన చెక్క కీచుమంది. రెండో పలక లాగాడు. కింద నుంచి నీళ్లు ఒక్కసారిగా లేచి పడ్డాయి. పచ్చగా, నురగతో, కుళ్లిన మేత వాసనతో, డ్రమ్ము పక్క నుంచే, డ్రమ్మును తాకకుండా, డ్రెయిన్లోకి.

వినీల చేతిలోంచి గ్లాసు జారి ఆ నీళ్లలో పోయింది.

"నాన్నా! పలకలు వెయ్యి! నాన్నా!"

ఆ హోరులో ఆయనకు వినపడలేదేమో అనుకుంది. గట్టెక్కి తూము దగ్గరికి పరుగెత్తింది. ఆయన మూడో పలకకు కొక్కెం తగిలిస్తున్నాడు.

"అలా అరుస్తావేంటమ్మా. రొయ్యల పట్టుబడి దగ్గరకొచ్చింది, నీళ్లు మార్చకపోతే రొయ్య చచ్చిపోద్ది. మొన్నటి నుంచీ మేడంగారి కోసం ఆపాం."

"మరి ఫిల్టరు?"

నాన్న ఆమె వైపు చూడలేదు. "బిందె నిండటానికి పూట పట్టే కుళాయిలోంచి ఈ చెరువులన్నీ పోతాయా తల్లీ? నువ్వు చదువుకున్నదానివి."

వినీల డ్రమ్మును చూసింది. ఎంత నీలంగా, ఎంత చిన్నగా ఉంది. కుళాయి ధార ఎంత సన్నమో నిన్న తానే చూసింది. మిగతా డ్రమ్ములు ఎప్పుడని తానే అడిగింది. "రేపటికి ఇది చాలు" అని నాన్న చెప్పాడు. ఆ మాట నిన్న వినబడింది. అర్థం ఇప్పుడు వచ్చింది.

"నీకు ముందే తెలుసా?"

"తెలియకుండా కొక్కెం నా చేతిలో ఎలా ఉంటుంది?" పలక పైకొచ్చింది. "మనం తినేది ఈ గట్టు మీద తిండే. ఇంటికెళ్లు. ఆ పెట్టె మామ్మకివ్వు, ఆవిడకి తీపి ఇష్టం."

పెట్టె ఇంటికి చేరింది గానీ ఎవరికివ్వాలో వినీలకు తోచలేదు. మామ్మే తీసుకుని ఒకటి తిని, "నోట్లో ఎయ్యగానే మాయమే. ఏముంది ఇందులో, గాలి," అని నవ్వింది.

ఆ సాయంత్రానికి మాస్టారు తీసిన వీడియో బడి గ్రూపులోకి వచ్చింది. 'మా విద్యార్థిని ఘనత' అని పైన పూలగుత్తులు. అమ్మ ఫోను పట్టుకుని పక్కింటికి, ఎదురింటికి తిరిగి చూపించి వచ్చింది. వినీల ఫోను తీసుకునేసరికి రాణి రికార్డు చేసి పంపిన మాట ఒకటి వచ్చి ఉంది. చెవికి ఆనించుకుని విన్నది. వెనక ఎవరో దగ్గుతున్నారు. రాణి గొంతు మెల్లిగా ఉంది. రాణి ఎప్పుడూ మెల్లిగా మాట్లాడదు.

"అవి మా గుల్లలేనా?"

అంతే ఉంది. వినీల జవాబు రాయడానికి అక్షరాలు నొక్కింది, తుడిచింది, మళ్లీ నొక్కింది. అమ్మ వచ్చి ఫోను అడిగితే ఇచ్చేసింది.

ఆదివారం కడుపునొప్పని చెప్పి ఆరాధనకు వెళ్లలేదు. తెల్లచీరల్లో అమ్మా మామ్మా, ఇస్త్రీ చొక్కాలో నాన్నా బైబిళ్లు పట్టుకుని వెళ్లారు. గుడిలో మొదటి పాట మొదలవగానే వినీల సైకిలు తీసింది.

చెరువు గట్టు మీద ఎవరూ లేరు. ఏరియేటర్లు మాత్రం తిరుగుతున్నాయి. పలకలు మళ్లీ వేసి ఉన్నాయి, తూము రాళ్ల మీద పచ్చటి చారలు ఎండుతున్నాయి. సోమవారం పెద్దసారు వచ్చేసరికి కుళాయిలోంచి తెల్లనీళ్లు రాకూడదు. వచ్చింది ఆ ఒక్క ఆలోచనతోనే. డ్రమ్ములోకి భుజం దాకా చెయ్యి పెట్టింది. ఇసుక తోడి గట్టు మీద పోసింది. పీచు పీకింది. బొగ్గు చేతులకు, మోచేతులకు, ఆదివారం గౌనుకు అంటుకుంది. గుల్లలు దోసిళ్లతో తీసింది. తెల్లగా వేసిన గుల్లలు రెండు రోజుల్లోనే లేతపచ్చగా మారి, జిగురుగా ఉన్నాయి. అవి నిజంగానే పట్టుకున్నాయి. పనిచేశాయి. అది చూసి ఆమెకు మొదటిసారి ఏడుపొచ్చింది. ఒక్కొక్కటీ కడిగి బస్తాలో వేసింది.

గట్టు వెంట తొక్కుతుంటే డ్రెయిన్లో నీళ్లు నిన్నటి పచ్చదనంతో చిక్కగా, కదలకుండా ఉన్నాయి. రేవుపాలెం దగ్గర పడుతుండగా నీటి పైన గుండ్రంగా బుడగలు కనిపించాయి. దిగి చూసింది. బుడగలు కావు. నోళ్లు. వేలెడంత చేపలు వందలుగా పైకొచ్చి నోళ్లు తెరిచి మూస్తున్నాయి. ఒక కొంగ అంచున నిలబడి ఉంది. దానికి తొందరేమీ లేదు.

రాణి వాళ్ల తలుపు తీసే ఉంది. పెద్దింట్లమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. సైకిలు చప్పుడుకు రాణి బయటికి వచ్చింది. వినీల చేతులూ, గౌనూ చూసింది.

"ఏం, వీడియో తియ్యడానికి వచ్చావా?" అంది.

"రాణీ, నేను చెప్తాను. నన్ను చెప్పనివ్వు." వినీల సైకిలు స్టాండు వెయ్యడం మరిచిపోయి హ్యాండిలు పట్టుకునే నిలబడింది. "నాకు తెలీదు. తూముకి పెడతారనుకున్నాను. ఇంకా డ్రమ్ములు తెస్తారనుకున్నాను. మేడంగారు వెళ్లగానే పలకలు తీసేశారు. మా నాన్నే తీశాడు. నీళ్లు డ్రమ్ములోంచి పోలేదు, పక్కనుంచి పోయాయి. సీసాలో ఉన్నది నా కుళాయి నీళ్లు, డ్రెయిన్లో ఉన్నవి కావు. అమ్మమ్మా, మొన్న బళ్లోకా అని అడిగితే తలూపాను. అది అబద్ధం. డ్రమ్ము మొత్తం ఖాళీ చేసేశాను. రేపు పెద్దసారు వస్తే చూపించడానికి ఏమీ లేదు. మీ గుల్లలు మీకు తెచ్చేశాను."

ఇంత మాట ఆమె ఎప్పుడూ, ఎవరితోనూ అనలేదు. ఇందులో రాణి మాట ఒక్కటీ లేదు. రాణి ముఖం కొద్దికొద్దిగా మారింది. గుమ్మం దిగి ఒక అడుగు ముందుకు వచ్చింది. ఆ అడుగు చూసి వినీలకు ఊపిరి తేలికైంది.

పెద్దింట్లమ్మ చేట పక్కన పెట్టింది. "డ్రమ్ము ఖాళీ సేశావా?"

"చేశాను అమ్మమ్మా."

"ఎవరన్నా సూశారా?"

"ఎవరూ లేరు. అందరూ గుళ్లో ఉన్నారు."

"నువ్వే సేశావని ఎవరికీ తెలీదన్నమాట."

"తెలీదు," అంది వినీల, ముసలామెకు ధైర్యం చెబుతున్నట్టు.

పెద్దింట్లమ్మ వీధి అటూ ఇటూ చూసింది. గొంతు తగ్గించింది. "ఓసి పిచ్చిపిల్లా! రేపు ఆ పెద్దసారు వస్తాడు. డ్రమ్ము ఖాళీగా ఉంటుంది. ఎవరు పాడుసేశారంటే మీ నాన్న పేరు చెబుతారా, నీ పేరు చెబుతారా? ఫిర్యాదు పెట్టింది ఎవరు? మేము. ఆ గుల్లలెక్కడున్నాయి? మా గుమ్మంలో."

రాణి వేసిన అడుగు వెనక్కి వేసింది.

"ఇప్పటిదాకా మాది అబద్ధపు ఫిర్యాదన్నారు," అంది రాణి. "రేపట్నుంచి ఫిల్టరు కూడా మేమే పగలగొట్టామంటారు. పోలీసులొస్తారే. నాన్న వేటకెళ్లాడు, పొద్దున్నకి వస్తాడు. రేవులో దిగుతుంటేనే పట్టుకుంటారు."

వినీల బస్తా వైపు చూసింది. తాను తెచ్చింది ఏమిటో అప్పుడు కనబడింది. చేతిలో హ్యాండిలు ఒకవైపు వాలింది.

"నేను చెప్తాను. నేనే తీశానని పెద్దసారుతో చెప్తాను."

"నిన్ను మాట్లాడనిస్తారా? నిన్న ఎవరు నేర్పారని మేడం అడిగింది. నువ్వు నోరు తెరిచావు. మాస్టారు మాట్లాడారు. వీడియోలో అంతా ఉంది." రాణి రెండు చేతులూ తిప్పి ఖాళీగా చూపించింది. "మిగతాదంతా నా మాటలే. చేతులు కూడా నాలాగే తిప్పావు."

ముసలామె లేచి వచ్చింది. బస్తా మూతి విప్పి ఒక గుల్ల తీసి, పచ్చబడిన చోట బొటనవేలితో రుద్ది, మళ్లీ బస్తాలోనే వేసింది. "పట్టుకెళ్లు తల్లీ. ఎలా ఉందో అలా పెట్టెయ్. పొరలు నీకు తెలుసు గదా."

"పెడితే రేపు మళ్లీ తెల్లనీళ్లే వస్తాయి అమ్మమ్మా. మీ ఫిర్యాదు మూసేస్తారు."

"మూస్తే ఇంకోటి పెడతాం. జైల్లోంచి పెట్టలేం." ముసలామె బియ్యం చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

దూరంగా పేట వైపు నుంచి గంట వినిపించింది. గుడి ముగిసే గంట. ఇంకాసేపట్లో నాన్న చొక్కా మార్చుకుని మేత చల్లడానికి గట్టు మీదకు వస్తాడు. రాణి కూడా ఆ గంట విన్నది. దగ్గరికి వచ్చి, వాలిపోతున్న సైకిలును నిలబెట్టి, జారిన బస్తాను మధ్యకు జరిపింది. తాడు రెండు చుట్లు తిప్పి, వల ముడి వేసి, ఊడదని లాగి చూసింది. వినీల బుగ్గ మీద బొగ్గు మరకను చూసి చెయ్యెత్తింది. తుడవకుండానే దించేసింది.

"వెళ్లు. ఇసుక ముందు వెయ్యకు, చివర్న వెయ్యి," అంది.

"రాణీ—"

రాణి గుమ్మం ఎక్కింది. పగలంతా తీసి ఉండే ఆ తలుపు, వానకు ఉబ్బి నేలను రాచుకుంటున్న ఆ తలుపును రెండు చేతులతో నెట్టి వేసేసింది.